పంచుకున్న వార్త, పంచుకోని సవరణ

మణిపూర్‌లో ఇద్దరు కుకీ స్త్రీలను వివస్త్రలను చేసి నడిపించిన దృశ్యం 2023 జూలై 19న బయటపడినప్పుడు దేశమంతా సిగ్గుతో తల దించుకున్నది. ఆ ఘోరం జరిగింది మే 4న. రెండున్నర నెలల పాటు దేశానికి తెలియనే లేదు. తెలిసిన మర్నాడు, అంటే జూలై 20న, ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ ఒక కబురు విడుదల చేసింది. ఆ వీడియో కేసులో ఒక నిషిద్ధ సంస్థకు చెందిన వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారన్నది ఆ కబురు సారాంశం. పేరు కూడా ఇచ్చింది. అది ముస్లిం పేరు. వాస్తవానికి ఆ వ్యక్తి అరెస్టుకూ, ఆ వీడియోకూ ఏ సంబంధమూ లేదు. అది ఇంఫాల్ తూర్పు జిల్లాలో జరిగిన వేరే వ్యవహారం. మణిపూర్ పోలీసుల ప్రకటనలను సరిగా చదువుకోకపోవడం వల్ల పొరపాటు దొర్లిందని ఆ సంస్థ ఆ తర్వాత కబురును తొలగించి, క్షమాపణ చెప్పింది.

క్షమాపణ చెప్పారు గదా, ఇంకేమి కావాలి అని మిత్రుడొకరు నన్ను అడిగారు. నాకు కావలసింది ఒక లెక్క. మొదటి కబురు ఎన్ని చోట్లకు వెళ్లింది, సవరణ ఎన్ని చోట్లకు వెళ్లింది అన్న లెక్క. అది ఎవరి వద్దా లేదు. తప్పు చేయని మనిషిని నేను ఏ వృత్తిలోనూ చూడలేదు. కాని ఒక పత్రికలో దొర్లిన తప్పు ఒక పత్రిక పాఠకుల వరకే పోతుంది. వార్తాసంస్థలో దొర్లిన తప్పు దానికి చందా కట్టే ప్రతి పత్రికకూ, ప్రతి ఛానలుకూ, వాటిని చూసి రాసుకునే ప్రతి వెబ్‌సైటుకూ పోతుంది. ఈ తేడాను మన సమాజం ఇంకా గట్టిగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. మనం పత్రికల మీద కోపగించుకుంటాం. ఛానళ్ల మీద ధర్నాలు చేస్తాం. వాటి వెనుక నిలబడిన వార్తాసంస్థ పేరు మనలో చాలామందికి తెలియదు.

వార్తాసంస్థ అనే ఏర్పాటు చెడ్డదని నేను అనడం లేదు. అది చాలా తెలివైన ఏర్పాటు. 1846లో అమెరికా, మెక్సికోల మధ్య యుద్ధం జరుగుతున్నప్పుడు న్యూయార్కులోని కొన్ని పత్రికలు ఎవరికి వారు మనుషులను, గుర్రాలను, తంతి ఖర్చును భరించలేక ఉమ్మడిగా వార్తలు తెప్పించుకున్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ పుట్టుక అదే. మన దేశంలో ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా కూడా ఇటువంటి ఉమ్మడి సొత్తే. స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండో రోజున, 1947 ఆగస్టు 27న, మద్రాసులో అది రిజిస్టరయింది. హిందూ పత్రికకు చెందిన కస్తూరి శ్రీనివాసన్ దానికి తొలి అధ్యక్షుడు. 1949 ఫిబ్రవరి 1న అది పని ప్రారంభించింది. దానికి యజమానులు పత్రికలే. అంతకు మునుపు మన వార్తలను మోసినది రాయిటర్ సంస్థ చేతిలోని అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా. 1870లో ఇంగ్లండు వారి రాయిటర్, ఫ్రాన్సు వారి హవాస్, జర్మనీ వారి వుల్ఫ్ సంస్థలు ప్రపంచాన్ని వార్తల కోసం వాటాలు వేసుకున్నాయి. ఆ పంపకంలో మన దేశం రాయిటర్ పాలికి పోయింది. మన కబురు మనకు చేరాలన్నా లండను వారి తంతి మీదుగా చేరవలసిన రోజులవి. దానితో పోలిస్తే నలుగురు పత్రికల వారు కలిసి పెట్టుకున్న పి.టి.ఐ. స్వాతంత్ర్య ఫలాల్లో ఒకటి.

కర్నూలులోనో కరీంనగరులోనో అచ్చయ్యే పత్రిక ఇంఫాలులో ఒక విలేఖరిని, గువాహటిలో ఒక విలేఖరిని పెట్టుకోలేదు. పార్లమెంటు సమావేశాలకు వంద ఛానళ్లు వంద కెమెరాలు మోసుకుపోనక్కరలేదు. సభ కెమెరాల నుంచి వచ్చే ఒకే దృశ్యాన్ని అందరూ తీసుకుంటారు. గణతంత్ర దినం నాటి కవాతును దూరదర్శన్ కెమెరాలు తీస్తే తక్కినవారు వాడుకుంటారు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఉర్దూ పత్రికల వారికి ఈ మేలు మరీ ఎక్కువగా తెలుసు. 1992లో యు.ఎన్.ఐ. సంస్థ ఉర్దూ సర్వీసు ప్రారంభించే వరకు చిన్న ఉర్దూ పత్రికలు ఇంగ్లీషు కబుర్లను చేత్తో తర్జుమా చేసుకునేవి. ఆ సంస్థే అప్పులపాలై 2023లో దివాలా ప్రక్రియ దాకా వెళ్లినప్పుడు మనలో ఎందరికి ఆ సంగతి పట్టింది? ఒక వార్తాసంస్థ బలహీనపడితే తక్కిన ఒకటి రెండు సంస్థల మాటే దేశం మాట అవుతుంది. మన మీద వచ్చే వార్త బాగాలేదని బాధపడేవాళ్లం, ఆ వార్త ఎన్ని గొట్టాల గుండా వస్తున్నదో కూడా చూడాలి.

ఇక చిక్కు ఎక్కడ? వార్తాసంస్థ కబురు ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది. మన పత్రిక కార్యాలయంలో రాత్రి విధుల్లో ఉన్న ఉపసంపాదకుడు దానిని తెలుగు చేస్తాడు. ముందు ‘న్యూఢిల్లీ’ అని పెడతాడు. ఒక్కోసారి సంస్థ పేరు ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మర్నాడు ఉదయం గ్రంథాలయంలో నాలుగు పత్రికలు తిరగేసిన పాఠకుడికి నాలుగింటిలోనూ అదే సంగతి కనబడుతుంది. నలుగురు చెప్పారు గనుక నిజమే అయి ఉంటుందని నమ్ముతాడు. నలుగురు చెప్పలేదు. ఒకరు చెప్పినది నలుగురు అచ్చువేశారు. నేను ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ శాఖలో గుమస్తాగిరీ చేశాను. ఒకే పంచనామాకు నాలుగు నకళ్లు తీసి నాలుగు ఫైళ్లలో పెడితే సాక్షులు నలుగురు అయిపోరు. ఇది మా కార్యాలయంలో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటుకు కూడా తెలిసిన విషయం. వార్తల విషయానికి వచ్చేసరికి చదువుకున్నవారు సైతం దీనిని మరచిపోతున్నారు.

నకలు తీసినప్పుడు మూలంలోని పక్షపాతం కూడా నకలు అవుతుంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత ఎంతమంది ముస్లిం యువకులను పోలీసులు పట్టుకెళ్లారో, వారి పేర్ల పక్కన ఏయే విశేషణాలు చేరాయో మన పాఠకులకు వివరించనక్కరలేదు. అప్పుడు విలేఖరులందరికీ ఉన్న ఆధారం ఒకటే: పోలీసు అధికారులు చెప్పిన మాట. దానినే అందరూ పంచుకున్నారు. ఆ యువకులు న్యాయస్థానాలలో నిర్దోషులుగా బయటపడటానికి ఏళ్లు పట్టింది. 2020 మార్చి నెలాఖరున నిజాముద్దీన్ మర్కజ్ వ్యవహారమూ అంతే. ఆ సంవత్సరమే ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టివేస్తూ, పత్రికలలోనూ ఛానళ్లలోనూ సాగిన ప్రచారాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీద ఉన్న 16 కేసులను రద్దు చేసింది. మీ ఇంట్లో పాత పత్రికలు ఉంటే 2020 ఏప్రిల్ నాటి మొదటి పేజీలను, 2025 జూలై నాటి లోపలి పేజీలను పక్కపక్కన పెట్టి చూడండి. నేను చూశాను.

అదే 2020 ఏప్రిల్‌లో నోయిడాలో మరొకటి జరిగింది. హరోలా ప్రాంతంలో తబ్లీగీ సభ్యులను కలిసినవారిని క్వారంటైన్‌లో పెట్టారని ఏ.ఎన్.ఐ. రాసింది. నోయిడా పోలీసు అధికారి స్వయంగా జవాబిచ్చారు. వ్యాధి సోకిన వ్యక్తిని కలిసినవారినే వేరుగా ఉంచామనీ, తబ్లీగీల ప్రస్తావన తాము చేయనే లేదనీ, తమ మాటను తప్పుగా ఉటంకిస్తున్నారనీ బాహాటంగా చెప్పారు. ఆ సంస్థ సవరించుకున్నది. ఆ అధికారికి మనం కృతజ్ఞులమే. కాని జవాబిచ్చినది ఐ.పి.ఎస్. అధికారి కాకుండా ఆ వాడలోని టైలరో, కిరాణా దుకాణదారో అయి ఉంటే సవరణ వచ్చేదా అన్న సందేహం నన్ను వదలదు.

పంచుకోవడం గురించి మాట్లాడుతూ గాజాను వదిలిపెట్టలేము. 2023 అక్టోబరు నుంచి విదేశీ విలేఖరులను ఇజ్రాయెల్ స్వేచ్ఛగా గాజాలోకి పోనివ్వలేదు. తన సైన్యం వెంట తీసుకుపోయి చూపించిన కొద్ది సందర్భాలు మినహాయింపు. ప్రపంచం చూసిన దృశ్యాలన్నీ గాజాలోనే పుట్టి పెరిగిన విలేఖరులు, ఛాయాగ్రాహకులు పంపినవే. వారిలో చాలామంది రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్, ఏ.ఎఫ్.పి. వంటి సంస్థలకు పనిచేసేవారు. 2025 ఆగస్టు 25న ఖాన్ యూనిస్‌లోని నాసర్ ఆసుపత్రి మెట్ల మీద హుసామ్ అల్ మస్రీ అనే కెమెరామన్ రాయిటర్స్ కోసం ప్రత్యక్ష దృశ్యాన్ని పంపుతూ ఉన్నాడు. ఒక కెమెరా, ఒక మనిషి. ఆ దృశ్యం ప్రపంచంలోని ఎన్నో ఛానళ్ల ఉమ్మడి వనరు. దాడి జరిగిన క్షణంలో ఆ దృశ్యం ఆగిపోయింది. అతనిని కాపాడటానికి పరుగెత్తి వచ్చినవారి మీద, చిత్రించడానికి వచ్చిన విలేఖరుల మీద రెండో దాడి జరిగింది. అసోసియేటెడ్ ప్రెస్‌కు పనిచేసిన మరియం దగ్గాతో సహా అయిదుగురు విలేఖరులు ఆ రోజు మరణించారు. మొత్తం మృతులు 20 మందికి తక్కువ కారు. అంతకు నెల రోజుల ముందే ఏ.ఎఫ్.పి., ఏ.పి., బి.బి.సి., రాయిటర్స్ సంస్థలు నాలుగూ కలిసి, గాజాలోని తమ విలేఖరులు తమనూ తమ కుటుంబాలనూ పోషించుకోలేని ఆకలిలో ఉన్నారని ప్రకటించవలసి వచ్చింది. వారి దృశ్యం అందరికీ పంపకమైంది. ప్రాణాపాయం మాత్రం వారొక్కరికే మిగిలింది. ఆ ఒక్క కెమెరా లేకపోతే మన ఇంట్లో పిల్లలకు గాజా అంటే ఏమిటో తెలిసేది కాదు. అందుకే ఈ ఉమ్మడి ఏర్పాటును కూలదోయాలని నేను ఎన్నడూ అనను.

ఉమ్మడి ఏర్పాటు తాడు ఎవరి చేతిలో ఉన్నదన్నదే చూడాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం విలేఖరులను చిన్న చిన్న బృందాలుగా విభజించింది. ఒక బృందం సైనికాధికారి వెంట రణరంగానికి వెళ్లాలి. రాసినది సైన్యం పరిశీలించాలి. ఆ పైన తక్కిన విలేఖరులందరూ దానినే వాడుకోవాలి. దీనికి పూల్ అని పేరు. చెరువు అని అర్థం. చెరువు తూము సైన్యం చేతిలో ఉన్నది. అధ్యక్షుడి కార్యాలయంలో కొద్దిమందికే చోటు ఉండేటప్పుడు ఎవరు వెళ్లి అందరి తరఫున చూడాలన్నది అక్కడి విలేఖరుల సంఘమే దశాబ్దాలుగా నిర్ణయించేది. 2025 ఫిబ్రవరిలో ఆ ఎంపికను శ్వేతసౌధం తానే తీసుకున్నది. మెక్సికో సింధుశాఖకు ట్రంప్ పెట్టిన కొత్త పేరును పూర్తిగా స్వీకరించనందుకు అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులను అదే నెలలో బయట నిలబెట్టింది. ఒక సంస్థను గడప దగ్గర ఆపితే దాని మీద ఆధారపడిన వేలాది చిన్న పత్రికల కళ్లకు గంతలు కట్టినట్లే.

మనం అమెరికాను చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. అత్యయిక పరిస్థితిలో, 1976లో, పి.టి.ఐ., యు.ఎన్.ఐ., సమాచార్ భారతి, హిందుస్థాన్ సమాచార్ అనే నాలుగు వార్తాసంస్థలను కలిపి ‘సమాచార్’ అనే ఒకే సంస్థగా చేశారు. ఖర్చు తగ్గుతుంది, వనరులు కలిసివస్తాయి అని అప్పటి ప్రభుత్వం చెప్పిన కారణం వినడానికి బాగానే ఉండేది. నేను అప్పుడు విద్యార్థిని. జైళ్లలో ఎవరున్నారో పత్రికల్లో కనబడేది కాదు, ప్రధాని ప్రసంగం మాత్రం ఏ పత్రిక తీసినా అవే మాటల్లో కనబడేది. 1978లో జనతా ప్రభుత్వం వాటిని మళ్లీ విడదీసింది. మన కాలంలోకి వస్తే, దేశ ప్రజల సొమ్ముతో నడిచే ప్రసారభారతి 2020లో పి.టి.ఐ. చందాను వదులుకున్నది. 2023 ఫిబ్రవరిలో, రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌తో అనుబంధం ఉన్న హిందుస్థాన్ సమాచార్‌తో ఒప్పందం కుదుర్చుకున్నది. ఆకాశవాణిని ఇప్పటికీ నమ్మే పల్లెలు ఉన్నాయి. వాటికి చేరే వార్త ఏ ఊట నుంచి వస్తున్నదో అడిగే హక్కు పన్ను కట్టే ప్రతివారికీ ఉన్నది.

ఢిల్లీ, వాషింగ్టన్ సంగతులు అలా ఉండగా, మన మండల కేంద్రాల్లో ఇదే ఏర్పాటు చిన్న ఎత్తున నడుస్తున్నది. దానిని గురించి రాసేవారు తక్కువ. ప్రతి దినపత్రికకూ మండలంలో ఒక విలేఖరి ఉంటాడు. కంట్రిబ్యూటర్ అంటారు. అతనికి జీతం ఉండదు, లేదా పెట్రోలుకు చాలనంత గౌరవ వేతనం ఉంటుంది. పైగా ప్రకటనలు తెచ్చిపెట్టే బాధ్యత ఉంటుంది. పది గ్రామాలు, రెండు పోలీసు స్టేషన్లు, ఒక ఆసుపత్రి, ఒక మార్కెట్ యార్డు అతని మీద ఉంటాయి. అందుకని విలేఖరులందరూ కలిసి ఒక వాట్సాప్ బృందం పెట్టుకుంటారు. ఒకరు వెళ్లి ఫోటో తీస్తే అందరికీ పంపుతారు. ఒకరు రాసినది రెండు మాటలు మార్చి తక్కినవారు పంపుతారు. ఇది బతుకుతెరువు కోసం పేదవారు చేసుకున్న సహకారం. నేను దానిని ఎద్దేవా చేయను.

మూడేళ్ల క్రితం మా పట్టణంలో ఖబరస్తాన్ ప్రహరీ గోడ మరమ్మతు జరుగుతున్నప్పుడు కాంట్రాక్టరు ఇసుకను దారికి అడ్డంగా పోయించాడు. ఎదుటి వీధివారు అడిగారు. మాటా మాటా పెరిగింది. ఎస్సై వచ్చి ఇసుక పక్కకు తోయించి వెళ్లిపోయారు. అరగంటలో ముగిసిన ముచ్చట. ఆ వీధివారిలో ముస్లింలు కూడా ఉన్నారు. మర్నాడు మూడు దినపత్రికల జిల్లా పేజీలలో ‘ఇరువర్గాల మధ్య ఉద్రిక్తత’ అని వచ్చింది. మూడింటిలోనూ అవే మాటలు. ‘పరిస్థితి అదుపులో ఉంది’ అన్న ఆఖరి వాక్యం కూడా ఒకటే. నేనూ కమిటీ సభ్యులిద్దరూ వెళ్లి ముగ్గురు విలేఖరులనూ కలిశాం. ముగ్గురిలో ఎవరూ అక్కడికి రాలేదు. ఒకరికి స్టేషను నుంచి ఫోనులో ఎవరో చెప్పారు. ఆయన బృందంలో పెట్టారు. తక్కిన ఇద్దరూ తీసుకున్నారు. వారిలో చిన్నవాడు, మా అబ్బాయి ఈడువాడే, “ప్రతిదానికీ పోవాలంటే బండిలో పెట్రోలు ఎవరు పోస్తారు సార్?” అన్నాడు. ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. జిల్లా కార్యాలయానికి రాతపూర్వకంగా పంపిస్తే రెండు పత్రికలు ఏమీ వేయలేదు. మూడోది నాలుగో రోజున లోపలి పేజీలో, ‘గొడవ జరగలేదని మసీదు కమిటీ పేర్కొంది’ అని వేసింది.

ఈ ఆఖరి వాక్యాన్ని పాఠకులు ఒక్కసారి నిదానంగా చదవాలి. తప్పు వచ్చినప్పుడు అది పత్రిక స్వయంగా చెప్పిన నిజం. సవరణ వచ్చేసరికి అది ముస్లింలు చెప్పుకున్న మాట. ఒకటి వార్త, రెండోది వాదన. పత్రిక తాను చెప్పిన దానిని వెనక్కు తీసుకోనే లేదు.

ప్రభుత్వ కార్యాలయాలను తిట్టడం సులభం. అక్కడ జరిగే ఆలస్యాలు, అవినీతి నాకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. అయితే అక్కడ ఒక మంచి పద్ధతి ఉన్నది. ఒక ఉత్తర్వులో తప్పు దొర్లితే సవరణ ఉత్తర్వు వెలువడుతుంది. దానిలో మొదటి ఉత్తర్వు నంబరు, తేదీ సూచికగా ఉంటాయి. ‘ఫలానా అని ఉన్నచోట ఫలానా అని చదువుకోవలెను’ అని స్పష్టంగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది కింద ఉండే జాబితా. మొదటి ఉత్తర్వు నకళ్లు ఎవరెవరికి వెళ్లాయో సవరణ కూడా వారందరికీ వెళ్లాలి. ఒక్క తహసీల్దారు కార్యాలయానికి పంపడం మరచినా అక్కడ పాత తప్పే అమలవుతుంది. డిస్పాచ్ గుమస్తాకు మెమో వస్తుంది. ఏ పట్టాదారు పేరో తప్పుపడితే అది ఒక కుటుంబం భూమి అన్న భయంతో ఈ పద్ధతి ఏర్పడింది. వార్తలో మనిషి పేరు తప్పుపడితే అది భూమి కంటే తక్కువదా?

పెద్ద వార్తాసంస్థలు తప్పు తెలిసినప్పుడు చందాదారులకు సవరణ పంపే ఆచారం ఉన్నది. కబురు మరీ తప్పయితే దానిని పూర్తిగా ఉపసంహరించమని కూడా పంపుతాయి. లోపం రెండు చోట్ల ఉన్నది. అందుకున్న పత్రిక దానిని అచ్చువేయాలన్న నిర్బంధం ఎక్కడా కనబడదు. చందా కట్టకుండా చూసి రాసుకునేవారికి, మండల విలేఖరుల వాట్సాప్ బృందం వంటి వాటికి సవరణ చేరే దారే లేదు. కనుక మనం అడగవలసినది ఇది: కబురును ఉమ్మడిగా తీసుకున్న ప్రతి పత్రిక, ప్రతి ఛానలు దాని సవరణను కూడా ప్రచురించాలి. ఏ పేజీలో తప్పు వచ్చిందో ఆ పేజీలోనే, తన మాటగా, సంస్థ పేరు చెప్పి ప్రచురించాలి. వార్తాసంస్థలు తమ చందా ఒప్పందంలోనే ఈ షరతు పెట్టుకోవచ్చు. కొత్త చట్టం అవసరం లేదు. ప్రభుత్వం చేతికి ఇంకొక కర్ర ఇవ్వాలని నేను కోరను. ఆ కర్ర మొదట ఎవరి వీపు మీద పడుతుందో మనకు తెలుసు.

ఈ ఖర్చు ఎవరు భరిస్తారని పత్రికల వారు అడుగుతారు. రెండు అంగుళాల చోటు. ఒక ప్రముఖుడి పుట్టినరోజు శుభాకాంక్షలకు అర పేజీ దొరికే పత్రికలో రెండు అంగుళాలు దొరకవంటే నేను నమ్మను.

మనలో కొందరు యువకులు మనకు మన సొంత ఛానలే పరిష్కారం అంటున్నారు. వారి ఆవేశాన్ని గౌరవిస్తాను, ఆలోచనతో ఏకీభవించను. మన ఛానలును మనవాళ్లే చూస్తారు. ఇంఫాల్ కబురును నమ్మిన మా పక్కింటి రిటైర్డు ఉపాధ్యాయుడు దానిని చూడడు. ఆయనకు సవరణ చేరాలంటే ఆయన చదివే పత్రికలోనే రావాలి. మన పిల్లలు పత్రికా కార్యాలయాల అనువాద విభాగాలలో, జిల్లా పేజీలలో, వార్తాసంస్థల బల్లల దగ్గర ఉద్యోగాలకు పోవాలి. తబ్లీగ్ అంటే ఏమిటో, ఉర్సు అంటే ఏమిటో, ఖబరస్తాన్ గోడకు, దర్గా గోడకు తేడా ఏమిటో తెలిసిన మనిషి ఒక్కడు రాత్రి విధుల్లో ఉంటే కొన్ని శీర్షికలు పుట్టకముందే ఆగిపోతాయి. ఇంజనీరింగు సీటు కోసం ఇల్లు తాకట్టు పెట్టే తండ్రులు, జర్నలిజం చదువుతానన్న కూతురిని ఎందుకు ఆపుతున్నారో ఆలోచించుకోవాలి.

మనం పంచుకునే తీరును కూడా చూసుకోవాలి. మన బృందాలలో తిరిగే వీడియోలలో పాతవి, పరాయి దేశాలవి, ఎక్కడివో తెలియనివి ఎన్ని ఉంటాయో మీకూ తెలుసు. ఇతరుల సవరణ కోసం గొంతు చించుకునేవారు తమ బృందంలో పెట్టిన తప్పుడు వీడియోకు సవరణ పెట్టడం నేను అరుదుగా చూశాను. మా పట్టణంలో ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ఏదైనా జరిగితే కమిటీ తరఫున మాట్లాడేవారు ఇద్దరే. వారి ఫోను నంబర్లు ప్రతి విలేఖరి వద్ద ఉన్నాయి. పావుగంటలోపు ఏమి జరిగిందో నాలుగు వాక్యాలు, ఒక ఫోటో పంపిస్తారు. పోలీసుల మాట ఒక్కటే ఉమ్మడి ఆధారం కాకుండా ఉండాలంటే మన మాట కూడా అంత త్వరగా, అంత క్లుప్తంగా, నమ్మదగినదిగా అక్కడ ఉండాలి. పెట్రోలు లేని విలేఖరికి ఇది కూడా సాయమే.

చట్టం ఇచ్చిన దారి ఒకటి ఉన్నది, మనవాళ్లు దానిని చాలా తక్కువగా వాడుతున్నారు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షనులో పత్రికతో పాటు వార్తాసంస్థ అన్న మాట కూడా స్పష్టంగా ఉన్నది. అంటే కబురును అచ్చువేసిన పత్రిక మీదనే కాక, దానిని పుట్టించిన సంస్థ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిలు జరిమానా వేయలేదు, హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. కోరలు లేవని పెదవి విరిచేవారున్నారు. వార్తాసంస్థకు ఉన్న పెట్టుబడి నమ్మకమే గనుక, మచ్చ వారికి జరిమానా కంటే బరువని నేను అనుకుంటాను. ఛానళ్ల దారి వేరు. ప్రసారమైన 7 రోజులలోపు ముందు ఛానలుకే రాయాలి. ఆ తర్వాత వార్తా ప్రసారకుల స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లాలి. దానిలో సభ్యత్వం ఉన్న ఛానళ్లకే అది వర్తిస్తుంది. బెంగళూరులోని ఒక పౌర బృందం తబ్లీగీల మీద వచ్చిన కార్యక్రమాల గురించి ఈ దారినే పట్టుకున్నది. 2021 జూన్‌లో రెండు కన్నడ ఛానళ్లకు లక్ష రూపాయలు, యాభై వేల రూపాయలు జరిమానా పడింది. ఏడాదికి పైగా పట్టింది, కాని వారు కాగితాలు జాగ్రత్తగా దాచుకున్నారు.

ఫిర్యాదు చేయదలచినవారికి గుమస్తాగా నాలుగు మాటలు. పత్రిక మొత్తం పేజీని దాచండి, కత్తిరించిన ముక్క చాలదు. పేరు, తేదీ, సంచిక పేజీ మీదే ఉంటాయి. వార్త కింద సంస్థ పేరు ఉంటే దానిని విడిగా రాసుకోండి, లేకపోతే అదే రోజు ఇంకో రెండు పత్రికలు చూసి మాటలు కలుస్తున్నాయేమో పోల్చండి. ఇంగ్లీషులో గాని హిందీలో గాని లేని వార్తకు అనువాదం జతచేయాలి. ముందుగా సంపాదకుడికి స్పీడ్ పోస్టులో రాయండి, రసీదు ఉంచుకోండి. ఆయన జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ఉత్తరం నకలును జతచేసి, దినపత్రిక, వారపత్రిక, వార్తాసంస్థల విషయంలో ప్రచురణ జరిగిన రెండు నెలలలోపు కౌన్సిలుకు చేరేలా పంపండి. ఈ పత్రిక వంటి మాసపత్రిక మీదనైతే నాలుగు నెలలు. ఈ విషయం మీద ఏ న్యాయస్థానంలోనూ వ్యాజ్యం నడవడం లేదన్న ప్రకటన తప్పనిసరిగా ఉండాలి. చిరునామా: ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, సూచనా భవన్, 8 సీజీఓ కాంప్లెక్స్, లోధీ రోడ్డు, న్యూఢిల్లీ.